సేరు తవుడు

దసరా రజాలు మొదలైన రోజు మా పాప మేఘ పరిగెత్తుకుంటా వచ్చి, "మా, ఒకాయన వ్యాన్ నిండా పుస్తకాలు ఏసుకోని వచ్చినాడు. చేపలు పట్టే కర్ర కూడా ఉండాది" అని చెప్పింది.

వేరే తల్లయితే ఆ పుస్తకాలేంటివి అని అడిగుండేది. నాకు మాత్రం ఆ కర్రకు గాలం ఉంటాది గదా, అది యాడన్నా పిల్లోళ్ళ కంట్లో గుచ్చుకుంటే ఎట్లా అనిపించింది. నేను అట్లాంటిదాన్నే. పాప తుమ్మితే నిమోనియా అనుకుంటా. తుమ్మకపోతే ముక్కు దిబ్బడేసిందేమో అనుకుంటా. "భయపడేదానికి ఏమీ దొరకని రోజు నీకు అదే ఒక భయం" అంటాడు మా ఆయన సిద్ధేశ్.

వచ్చినాయన హెళవప్ప. ఇండ్ల వంశాలు రాసి పెట్టేవాళ్ళను మా పక్క అట్లా అంటారు. ఎవరి తాత ఎవరు, ఏ ఊరు ఇడిసి ఈడికొచ్చినారు, ఎవరికి ఎందరు బిడ్డలు, అన్నీ వాళ్ళ పుస్తకాల్లో ఉంటాయి. ఊర్లో వారం దినాలు ఉండి, కొత్తగా పుట్టినోళ్ళను రాసుకోని, పొయ్యే ముందర జనమందరినీ కూర్చోబెట్టి ఒక్కో ఇంటి వంశం చదివి పోతారు. కంప్లి చుట్టూ ఉండే మా పల్లెలకు దుర్గప్ప అనే పెద్దాయన వస్తాండెనంట. ఆయన కడాసారి వచ్చినప్పుడు మా ఆయన ఐదు దినాల బిడ్డ. తర్వాత ఆయన మంచాన పడినాడు, పుస్తకాలు ట్రంకులో పడినాయి. ఇరవై తొమ్మిదేండ్లకు ఇప్పుడు ఆయన కొడుకు హులిగప్ప ఆ ట్రంకు తెరిచినాడు.

ఈయన గంగావతిలో ఏదో ఆఫీసులో పని చేస్తాడు. "ఇంట్లోవాళ్ళు మైసూరు పోదామన్యారు. వాళ్ళను రైలెక్కించి నేనిట్లా వచ్చినా. నా రజా నాకు ఇదే" అని మా అత్త పక్కీరమ్మతో చెప్పినాడు. మా పంచ వెడల్పుగా ఉంటాది కాబట్టి ఆడ్నే మకాం. మా అత్త ఒగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. రెండో ప్లేటు కూడా ఖాళీ చేసి, చేయి కడుక్కోని అడిగినాడు.

"చదవను రాయను వచ్చినోళ్ళు ఎవరన్నా ఉండారామ్మా? మా నాయన రాత చూస్తే నాకు తలనొప్పి. చదివి ఫోన్లో ఎక్కించల్ల."

"మా కోడలుండాది గదప్పా. తొమ్మిదో క్లాసు" అనింది మా అత్త, నేనేదో కలెక్టరు అయినట్లు.

"సగమే" అన్న్యా నేను.

నిజంగానే సగమే. తొమ్మిదో క్లాసు దసరా రజాలకు ఇంటికొచ్చిన్యా. ఆ రజాల్లోనే మాయమ్మ పోయింది. బడి మల్లా తెరిచినారు, నేను పోలే.

"సగం సాలు తంగీ. మిగతా సగం నేను చూసుకుంటా" అని కన్నడంలో చెల్లెల్ని పిలిచినట్లు పిలిచి చెప్పి, ఆ మిగతా సగం చూసుకునేదానికి కర్ర భుజానేసుకోని కాలవ గట్టుకు పోయినాడు.

ఇంక రోజూ అదే పని. ఆయన గొడుగు కింద కూర్చోని కాలవలో గాలమేస్తాడు. నేను వ్యాన్ వెనక డోరు నీడలో పుస్తకం ఒళ్ళో పెట్టుకోని, ఒక్కో పేరు చదివి ఆయన ఫోన్లో ఎక్కిస్తా. కన్నడ అక్షరాలు, మధ్యలో తెలుగు మాటలు, అంతా చీమలు పారినట్లు రాత. పాప నీళ్ళ పక్కకు పోకుండా దాని గౌను కొసను నా కొంగుకు ముడేసుకున్న్యా. అయినా నా కన్ను ఒకటి పుస్తకం మీద, ఇంకొకటి గాలం మీద.

"చేపలు పడతాయా అన్నా?"

"పడవు. చేపల కోసం ఎవరు వస్తారు తంగీ. ఆఫీసులో నన్నెవరూ గమ్మున కూర్చోనీరు, అందుకు."

ఈడ మాత్రం కూర్చోనిచ్చినారా. ఊర్లోవాళ్ళు ఒకరి వెనక ఒకరు గట్టుకే వస్తాండ్రి. రెండో రోజు నాంచారమ్మ వచ్చింది. పెన్షన్ ఆఫీసులో వయసు తక్కువ అంటాండారంట, పుస్తకంలో ఏముందో చూడమనింది. నేను వెతికి, "మెట్టినింటి పుటలో మీరిద్దరూ తోడికోడండ్లు, నువ్వు పెద్దదానివి, ఓబమ్మ నీకు చెల్లెలు అని ఉండాది" అని చదివిన్యా.

నాంచారమ్మ మొగం మాడిపాయ. ఓబమ్మే అక్క అని ఇన్నేండ్లూ చెప్పుకోని తిరిగిందా మనిషి. "పెన్షన్ కాడికి అట్లే చూపియ్యి. ఊర్లో మాత్రం చదవద్దు" అనింది.

"ఊర్లో చదివేదానికే గదమ్మా మేము వచ్చేది" అన్నాడు హెళవప్ప, నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ పొద్దే నేను మెల్లగా అడిగిన్యా. "మా పాప పేరు రాస్తారా అన్నా?"

"ఆడబిడ్డలను పుట్టింటి పుటలో రాసేది లేదు తంగీ. మెట్టినింటికి పోయినాక ఫలానా వాని పెండ్లాం అని ఆడ వస్తారు. మీ అత్తా అట్లే, నువ్వూ అట్లే."

సరేలే అనుకున్న్యా. ఐదేండ్ల పిల్లకు పెండ్లి ఎప్పుడు, మెట్టినిల్లు ఎప్పుడు అని ఇంకో భయం ఎత్తుకోవడం ఇష్టం లేక.

మూడో రోజు మా ఇంటి పుట వచ్చింది. ఎద్దుల నింగప్ప, అంటే మా మామ. భార్య పక్కీరమ్మ. మొదటి కొడుకు, నెల దినాలకు పోయినాడు. రెండో కొడుకు, పదకొండు దినాలకు పోయినాడు. దాని కింద ఏమీ లేదు. మా ఆయన పేరే లేదు.

మరిచిపోయుంటారు అనుకోని పుట తిప్పిన్యా. సొరకాయల కెంచప్ప, భార్య మద్దమ్మ. మా పక్కింటి మద్దమ్మే. ఆమెకు బిడ్డలు లేరు, మొగుడు పోయి చానా కాలమాయ. కానీ ఆ పేర్ల కింద స్పష్టంగా రాసుండాది: "కొడుకు తవుటప్ప. సేరు తవుడుకు కొన్న బిడ్డ."

తవుటప్ప అంటే మా ఆయనే. స్నేహితులు ఇప్పటికీ అట్లే పిలుస్తారు. మా పక్క ఒక ఆచారం ఉండాది. ఒక ఇంట్లో బిడ్డలు పుట్టి పుట్టి పోతాంటే, తర్వాత పుట్టినోన్ని పక్కింటామెకు సేరు తవుడుకు అమ్మేస్తారు. బిడ్డ ఆ ఇంటిది కాదు, పరాయిది, ఇంక దాని జోలికెందుకు అని ఆ కీడు దాటుకోని పోతాదంట. బిడ్డ పెరిగేది కన్నతల్లి దగ్గరే. పెండ్లినాడు అంతే తవుడు వెనక్కిచ్చి కొనుక్కుంటే సరిపోతాది. మా అత్త మద్దమ్మకు అమ్మిన వారమే పెద్ద హెళవప్ప వచ్చినాడు. అమ్మిన బిడ్డను కొన్నామె పుటలో రాసుకోని పోయినాడు. ఆయన తప్పేమీ లేదు.

తప్పంతా నాకొచ్చి పడింది. ఎందుకంటే నేను పుట్టింది బండ్రిలో, నా పుట్టింటోళ్ళు సొరకాయలోళ్ళు. మద్దమ్మకూ మాకూ చుట్టరికం ఏమీ లేకున్నా, ఇంటిపేరు ఒకటే. ఒకే ఇంటిపేరు ఉండే ఆడా మగా మా వాళ్ళలో అన్నాచెల్లెండ్ల కింద లెక్క. అంటే పుస్తకం ప్రకారం నేను అన్నను పెండ్లి చేసుకున్న్యా. ఆయుధపూజ సాయంత్రం పాల సొసైటీ కట్ట మీద దీన్ని ఊరంతటి ముందర చదువుతారు. ఈ ఊర్లో ఒక మాట పడితే ఎట్లా ఉంటాదో నాకు తెలుసు. రేపు నా బిడ్డ బడికి పోతే దాన్ని ఏమంటారో కూడా అప్పుడే నా చెవుల్లో వినపడింది.

"ఈ వరస కొట్టేయన్నా" అన్న్యా.

"మా పుస్తకంలో కొట్టివేత ఉండదు తంగీ. రాసింది రాసినట్లే. కింద ఇంకో మాట చేర్చొచ్చు, తిరిగి కొన్నారు అని." అప్పుడు నా పక్క చూసినాడు. "కొన్నారా?"

మా ఆయనకు ఫోన్ చేసిన్యా. తారానగర్ పక్క టిప్పర్ తోల్తాడు. అంతా విని, "తిన్నావా చెల్లీ?" అన్నాడు. ఫోన్ పెట్టేసిన్యా.

ఇంటికొచ్చి అత్తను అడిగిన్యా. చెరిగిన బియ్యమే మల్లా చెరుగుతా కూర్చుంది.

"పెండ్లినాడు ఇయ్యాల్సింది" అనింది చివరికి. "ఆ హడావిడిలో తవుడు ఎవరికి గ్యాపకముంటాది. మద్ది వచ్చి నిలబడింది. పది మందిలో నేనేమో నోరు జారి, ముక్కిపోయిన తవుడుకు ఇప్పుడు మర్యాద ఏందే అన్న్యా. ఎగతాళికే అన్న్యా. అది గిర్రున తిరిగి పాయ."

అదీ కథ. ఆరేండ్ల నుంచి వీళ్ళిద్దరూ ఎందుకు మాట్లాడుకోరో నాకు అప్పుడు తెలిసింది. నడుమ ఉండేది మోకాలెత్తు గోడ. ఆ గోడ దాటి మా ఆయన దొంగతనంగా మద్దమ్మ ఇంట్లో తినొస్తాడు. "అత్తకు తెలిస్తే ఎట్లా" అని నేను భయపడతాంటి.

"వాడు ఆడ తిన్నరోజు ఈడ రెండు ముద్దలు తగ్గిస్తాడు. నాకు తెలీదా" అనింది మా అత్త. మల్లా ఉండి, "ఆ పుట చూపియ్యి" అనింది.

ఆమెకు చదువు రాదు. ఏ పేరు యాడుందో నేను వేలు పెట్టి చూపించిన్యా. పోయిన ఇద్దరు బిడ్డల వరసల మీద ఆమె చేయి పెట్టలే. కింద ఖాళీగా ఉన్న చోట పెట్టింది.

"ఇంతమందిని కని, నా పుట ఇట్లుండాదా" అనింది. "పోయి తవుడు తీసుకురా."

నాలుగో రోజు పాపను చంకనేసుకోని కంప్లికి బస్సెక్కిన్యా. తవుడు దొరకడం కష్టం అని ఎవరనుకుంటారు, చుట్టూ వరి మళ్ళే గదా. కానీ మిల్లుల్లో తవుడంతా బస్తాలకెత్తి నూనె ఫ్యాక్టరీలకు పంపిస్తారు. మూడో మిల్లులో ముసలాయన, "సేరు తవుడా? ఒకే ఆవుందామ్మా మీకు?" అని అడిగినాడు.

"ఆవు కాదప్పా. మా ఆయన్ని కొనల్ల."

ఆయన నన్ను చూసి, పాపను చూసి, ఇంకేం అడగకుండా సంచిలోకి కొలిచి పోసినాడు. లెక్కకు పైన ఇంకో గుప్పెడు వేసి, "బాగా బరువుంటాడేమో" అన్నాడు.

వస్తూనే తవుడు సంచితో గోడ దాటి మద్దమ్మ ఇంటికి పోయిన్యా. ఇంటిపేరు ఒకటే కాబట్టి పెండ్లయి వచ్చిన రోజు నుంచి ఆమెను పెద్దమ్మా అనే పిలుస్తా. విషయం చెప్పిన్యా. ఆమె సంచిలో చేయి పెట్టి తవుడు వేళ్ళ మధ్య నలిపి చూసింది. మంచి తవుడే అని ఆమె మొగంలోనే తెలిసింది. అయినా సంచి నా పక్కకు జరిపింది.

"ఇయ్యనే."

"పెద్దమ్మా, నేను చెప్పింది అర్థమాయనా? ఊర్లో నన్నేమంటారో చూడు."

"వాన్ని నేనేమన్నా కట్టేసుకున్న్యానా? వాడు దాని కొడుకే, అది పెంచింది, అది పెండ్లి చేసింది. నాకుండేది ఆ పేరొక్కటే. అది వెనక్కిస్తే హెళవప్ప ఏం చదువుతాడు? కెంచప్ప, భార్య మద్దమ్మ, అంతే. అంతే అని ఊరందరి ముందర చదువుతాడు." పాప జుట్టు సరిచేసి, బెల్లం ముక్క చేతిలో పెట్టింది. "పాపకు దగ్గుండాది, బెల్లం మంచిది. నువ్వు పో."

నా అత్తకు ఒక పుట ఖాళీ, ఈమెకు ఇంకో పుట ఖాళీ. ఉండేదేమో మా ఆయన ఒక్కడే.

ఐదో రోజు కాలవ గట్టున నేనొక్క పేరు కూడా ఎక్కించలే. తవుడు సంచి పక్కనే పెట్టుకోని కూర్చున్న్యా. హెళవప్ప కూడా తొందర చేయలే. చానా సేపటికి ఆయన గాలం బెండు నీళ్ళలో ఒకసారి మునిగి లేచింది. "వదిలేసింది. ఎరను చూసుకోని పాయ" అన్నాడు.

ఎందుకో అప్పుడు తట్టింది.

"అన్నా, తవుడుకు కొన్నది ఆడబిడ్డయితే? అప్పుడు కూడా రాయరా?"

ఆయన కర్ర కింద పెట్టినాడు. వారంలో మొదటిసారి ఆయన గాలం మీద నుంచి పూర్తిగా ధ్యాస తీసింది అప్పుడే.

"కొన్నదైతే రాయల్ల" అన్నాడు నిదానంగా. "కొన్నదానికి మేమే సాక్షి. పుట్టినోళ్ళలో ఆడా మగా చూస్తాం గానీ, కొన్నదాంట్లో అట్లా లేదు. మా తాత పుస్తకంలో ఒకటుండాది కూడా. ఎవర్ని అమ్మల్ల తంగీ? పాపనా?"

"పాపను ఎవరిస్తారు" అన్న్యా. పాప గౌను ముడి ఇంకోసారి గట్టిగా బిగించిన్యా. "నన్ను."

ఆయన ఆలోచించినాడు. నేను కూడా ఆయనతో పాటు ఒక్కో వేలు మడిచి లెక్కేసిన్యా. నేను సొరకాయలదాన్ని. సొరకాయల మద్దమ్మకు కూతురైతే ఇంటిపేరు మారేది లేదు. మా ఆయన ఎద్దుల పుటకు వెనక్కి వస్తే మద్దమ్మకు అల్లుడవుతాడు. మద్దమ్మ పుట ఖాళీ అయ్యేది లేదు. నేను అన్నను చేసుకున్నదాన్ని అయ్యేది లేదు.

"మీ అమ్మను అడగద్దా?"

"మాయమ్మ లేదన్నా."

"ఓ" అని, కర్ర మడిచి వ్యాన్లో పెట్టినాడు. "ఇచ్చే తల్లి లేకుంటే తవుడు బిడ్డ చేతికే ఇయ్యొచ్చు. మీ అత్త తన కొడుకును పెండ్లి అయిన్యాక కొనుక్కోవచ్చంటే, తల్లి అయినాక కొనుక్కుంటే తప్పేముండాది."

మద్దమ్మ దగ్గరికి పోయి చెప్పేటప్పుడు నాకు ఇంకో భయం. ఆమె వద్దంటే ఎట్లా అని కాదు. నవ్వుతాదేమో అని. ఆమె నవ్వలే. చీపురు పట్టుకోని నిలబడి, "నువ్వు చానా భయపడతావే. అట్లా కూతుర్ని సాకేది నా చేతనవుతాదా" అనింది. ఆమెకు వచ్చిన సరే అనే మాట అదే అని నాకు రెండు నిమిషాలు ఆగినాక అర్థమాయ.

ఆయుధపూజ పొద్దున మా ఆయన రజా మీద వచ్చినాడు. బైకు కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, తర్వాత తనే వచ్చి మద్దమ్మ గడప లోపల నిలబడినాడు. ఇరవై తొమ్మిదేండ్ల మనిషి, మీసాలోడు. మా అత్త చేటలో తవుడు పట్టుకోని గడప బయట నిలబడింది. ఆరేండ్ల తర్వాత వీళ్ళిద్దరి మధ్య మొదటి మాట ఏమొస్తాదా అని నేను ఇద్దరి మొగాలూ చూస్తా నిలబడిన్యా.

"తాజాదేనా?" అనింది మద్దమ్మ.

"వాసన చూసుకో" అనింది మా అత్త.

మద్దమ్మ నిజంగానే చేట ముక్కు దగ్గర పెట్టుకోని చూసింది. చూసి, "ముక్కలేదులే" అనింది. మా అత్త తలకాయ దించుకుంది. ఆ మాట చానా మెత్తగా వచ్చింది, అయినా దాని పని అది చేసింది.

"దాటప్పా ఇంక" అన్నాడు హెళవప్ప. మా ఆయన గడప దాటి తల్లి పక్కకు వచ్చినాడు.

"ఆ పొద్దు ఊరు లేచిపోయేటట్లు ఏడ్చినావు. ఇప్పుడు ఏడుపు రాదేమి?" అనింది మద్దమ్మ.

"ఇంక నీ ఇంట్లో తినేది దొంగతనం కాదు గదా. అత్తగారిల్లు" అన్నాడు మా ఆయన. "మర్యాద కూడా చేయల్ల నువ్వు."

అప్పుడు మద్దమ్మ నన్ను కూర్చోమనింది. కొంగు పట్టమనింది. చేటలో తవుడంతా నా ఒళ్ళో పోసింది. తవుడు వెచ్చగా ఉంటాదని నాకు తెలీదు. ఎండలో పెట్టిన చేట గదా, అందుకేమో. నేనేదో అనల్ల అనుకున్న్యా, కానీ తవుడు దుమ్ము ముక్కులోకి పోయి తుమ్ము వచ్చింది. "జలుబా?" అని మద్దమ్మ నా నుదురు తాకి చూసింది. పదిమంది నన్ను చూసి నవ్వినారు. ఇన్నేండ్లూ ఇట్లా నుదురు తాకి చూసేది నేనే గానీ, నా నుదురు ఎవరూ చూడలే.

సాయంత్రం సొసైటీ కట్ట మీద హెళవప్ప చదివినాడు. నాంచారమ్మ ఇంటి వంతు వచ్చినప్పుడు పెద్ద దగ్గు వచ్చినట్లు చేసి ఒక వరస దాటేసినాడు. మా ఇంటిది చదివినాడు. ఎద్దుల నింగప్ప, భార్య పక్కీరమ్మ, మూడో కొడుకు సిద్ధేశ్, సేరు తవుడిచ్చి తిరిగి కొన్నారు, భార్య నయన, అంటే నేను. మా అత్త అటూ ఇటూ చూసింది, అందరూ విన్నారా లేదా అని.

తర్వాత, "సొరకాయల కెంచప్ప, భార్య మద్దమ్మ. కొడుకు తవుటప్ప, వెనక్కిచ్చినారు. కూతురు నయన, సేరు తవుడుకు కొన్నారు. అల్లుడు ఎద్దుల సిద్ధేశ్" అని చదివి పుట తిప్పబోయినాడు.

"మనవరాలో?" అనింది మద్దమ్మ.

హెళవప్ప ఆగినాడు. ఆడబిడ్డలను రాసేది లేదని ఆయన నాతో చెప్పింది నాకు గుర్తుండాది, ఆయనకూ గుర్తుండాది. ఆయన జేబులో పెన్ను కోసం వెతుక్కున్నాడు.

"కొన్నదాని బిడ్డ" అని తనకు తానే చెప్పుకున్నట్లు అన్నాడు. "కొన్నదాంతో పాటే వచ్చింది. రాయకపోతే లెక్క తప్పు." రాసి, చదివినాడు. "మనవరాలు మేఘ."

పాప నా ఒళ్ళో నుంచి లేచి, "నన్ను ఎంతకు కొన్నారు?" అని అడిగింది.

"నువ్వు ఊరికే వచ్చినావు" అన్నాడు మా ఆయన. పాపకు అది బాగనిపించలే. తనకూ ఒక సేరు కావల్లంట.

మరుసటి రోజు హెళవప్ప పోయినాడు. వారంలో ఆయన ఒక్క చేప పట్టలే. వచ్చే ఏడు రజాకు మల్లా వస్తానన్నాడు. వ్యాన్ హ్యాండ్ బ్రేకు చూసుకో అన్నా, పాత ట్రంకుకు తాళం వేసుకో అన్నా అని నేను సొసైటీ దాకా చెప్తానే పోయిన్యా.

ఆ తవుడు డబ్బాలో పోసి మా అటక మీద పెట్టిన్యా. మొన్న మూత తీస్తే రవ్వంత వాసన వచ్చినట్లనిపించింది. అప్పట్నుంచి రెండు దినాలకొకసారి చేటలో పోసి ఎండలో పెడతాండా. మా ఆయన చూసి నవ్వుతాడు, మా అత్త కూడా నవ్వుతాది. మద్దమ్మ మాత్రం నవ్వదు. గోడ అవతల నుంచి చూసి, "మబ్బు పడతాండాది, లోపల పెట్టుకోవే" అని అరుస్తాది. నేను "పెడతాండా మా" అని చేట ఎత్తుకోని లోపలికి పోతా.